రంగుల పెట్టెతో కోనసీమకు: నాలుగు రోజుల కారు ప్రయాణం ఎలా పెట్టుకోవాలి

మొదటిసారి బొమ్మలు వేద్దామని కోనసీమ వెళ్లినప్పుడు రెండు రోజుల్లో 11 చోట్లు తిరిగాను. ఇంటికొచ్చి చూసుకుంటే ఫోన్లో 400 ఫొటోలు, స్కెచ్ బుక్కులో ఒకటిన్నర బొమ్మ. ఆ సగం బొమ్మ కూడా రేవులో పంటు (మనుషుల్నీ బండ్లనీ నది దాటించే పడవ) కోసం ఎదురుచూస్తూ, చేసే పనేమీ లేక గీసింది. తీరా చూస్తే అదొక్కటే బాగుంది. అప్పటినుంచి ఒక లెక్క పెట్టుకున్నాను: బసకు చేరాక రోజుకు 40 కిలోమీటర్లు మించి కారు తోలను. మీకూ అదే చెబుతున్నాను. ఇదంతా బయట కూర్చుని నీటిరంగులు వేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఆయిల్ వేసేవాళ్లు సామాను సంగతి మాత్రం మార్చుకుంటే చాలు.

1. ముందు నెల తేల్చుకోండి

గౌతమికీ వశిష్ఠకీ మధ్యనున్న నేల కోనసీమ. ఎప్పుడు వెళ్లినా పచ్చగానే ఉంటుందని అందరూ అంటారు. కొబ్బరి వరకు అది నిజమే. మిగతాదంతా కాలువను బట్టి ఉంటుంది. ఏప్రిల్ సగం దాటాక దాళ్వా (రెండో పంట) కోతలయ్యి, మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేది జూన్లోనే. పిల్లల సెలవులు కదా అని మేలో బయల్దేరితే, నీళ్లలో కొబ్బరి నీడలు వేద్దామనుకున్న చోట అడుగున బురదా, ఎండిన గుర్రపుడెక్కా కనిపిస్తాయి.

జూలై, ఆగస్టుల్లో సార్వా (తొలి పంట) ఊడ్పులు బాగుంటాయి గానీ వాన ఎప్పుడు ఆగుతుందో తెలియదు. గోదారికి ఎర్రనీళ్లు వచ్చే రోజులూ అవే. ఆ రంగు చూడాల్సిందేగానీ, వరద పెరిగితే పంట్లు ఆపేస్తారు, లంకల్లో (నది మధ్య దిబ్బల మీది ఊళ్లలో) జనం సామాన్లు నెత్తిన పెట్టుకుని గట్టెక్కుతుంటారు. అలాంటప్పుడు వాళ్ల ముందు స్టూలు వేసుకుని కూర్చోవడం నావల్ల కాదు. అక్టోబరు, నవంబరుల్లో వరి పసుపు తిరుగుతుంది, తుఫాను టెన్షనూ ఉంటుంది.

నా ఓటు డిసెంబరు చివరి నుంచి జనవరి ఆఖరు దాకా. ఒక మడిలో దాళ్వా నారు, పక్క మడిలో దమ్ము చేసిన బురద నీళ్లు, దాని పక్కన అప్పుడే ఊడ్చిన చేను, అన్నీ ఒకే చూపులో దొరుకుతాయి. పొద్దున మంచు దూరపు కొబ్బరితోటలను బూడిదరంగులోకి తోసేస్తుంది కాబట్టి ఏది దగ్గర, ఏది దూరం అన్న లెక్క ప్రకృతే తేల్చి పెడుతుంది. సంక్రాంతి మూడు రోజులూ మాత్రం గదులు దొరకవు. ఊళ్లు పుట్టింటికొచ్చిన ఆడపిల్లలతో, అల్లుళ్లతో నిండిపోతాయి. ఆ రోజుల్లోనే వెళ్లాలనుంటే రెండు నెలల ముందే మాట్లాడుకోండి. కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల (పదకొండు ఊళ్ల శివుళ్ల) ప్రభలు, అంటే వెదురుతో కట్టిన ఎత్తైన చట్రాలు, చేరతాయి. రంగుల గుడ్డలు కట్టిన ఆ ప్రభలను భుజాల మీద పెట్టుకుని వరిచేలకు అడ్డంపడి, కౌశిక కాలువ నీళ్లలోంచి మోసుకెళ్తారు. చేను తొక్కారని ఏ రైతూ ఏమీ అనడు. అక్కడ రంగుల పెట్టె తెరిచే ప్రయత్నం చేయకండి. ఒక పెన్ను, చిన్న పుస్తకం, అంతే. ఒక్కో బొమ్మకు అర నిమిషం దొరికితే ఎక్కువ.

2. బస: ఫోన్లోనే సగం పని

హోటలు గది వద్దు. తోటల మధ్య రైతులు నడిపే హోమ్‌స్టేలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. కొన్ని పాత మండువా లోగిళ్లు. దొరికితే అదే తీసుకోండి. నాలుగు పక్కలా గదులు, లోపలికి వాలిన పెంకుల కప్పు, నడిమధ్యన ఆకాశం. ఆ మండువాలో మిట్టమధ్యాహ్నం కూడా పైనుంచి మెత్తటి వెలుతురే పడుతుంది. స్టూడియోకి వేల రూపాయలు పోసి పెట్టించుకునే వెలుతురు అది. బయట ఎండ పనికిరాని 11 నుంచి 3 దాకా అక్కడే కూర్చుని పొద్దుటి బొమ్మలు సరిచేసుకోవచ్చు.

బుక్ చేసే ముందు ఫోన్లో ఇవి అడగండి. ఇప్పుడు చేలో ఏముంది? వసారా ఏ దిక్కుకుంది? ఉత్తరానికైతే రోజంతా వెలుతురు ఒకేలా ఉంటుంది, తూర్పుకైతే పొద్దుటి ఎండ నేరుగా కాగితం మీద పడుతుంది. కాలువ నడిచి వెళ్లేంత దూరంలో ఉందా? అన్నిటికంటే ముఖ్యంగా, పక్కన రొయ్యల చెరువులున్నాయా? ఈ చివరి ప్రశ్న నేను డబ్బులిచ్చి నేర్చుకున్నది. ఒకసారి ఫొటోల్లో అరటితోట, ఊయల చూసి మూడు రాత్రులకు ముందే కట్టేశాను. వెళ్లి చూస్తే గోడ అవతల చెరువు. రాత్రి పది నుంచి తెల్లారేదాకా నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, కరెంటు పోతే జనరేటరు. ఇంటాయన్ని అడిగితే, "చెరువు మనది కాదండి" అన్నారు. అదీ నిజమే. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

బొమ్మలు వేసుకోడానికి వస్తున్నామని ముందే చెప్పండి. లేకపోతే గుమ్మంలో ఈజిల్ దించగానే "షూటింగాండి?" అని అడుగుతారు. కాదంటే కొంచెం నిరాశపడతారు కూడా. రంగు నీళ్లు ఎక్కడ పారబోయాలో మొదటి గంటలోనే అడిగి తెలుసుకోండి. నూతి చప్టా మీదా, పశువుల కుడితి తొట్టి దగ్గరా కుంచెలు కడగొద్దు. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్టు ఉంటాయి. నేనైతే ఒక మూత డబ్బా పెట్టుకుంటాను. మురికి నీళ్లన్నీ అందులో పోసి, సాయంత్రం మనుషులూ గొడ్లూ తిరగని మూల పారబోస్తాను.

ఒక మాట భోజనం గురించి కూడా. పొద్దున ఆరింటికే బయటికి పోతామని, టిఫిను తొమ్మిదిన్నరకు చాలని ముందు రాత్రే చెప్పాలి. చెప్పలేదనుకోండి, మంచులో వెలుతురు బ్రహ్మాండంగా ఉన్న వేళకు ఇంటావిడ వేడి పెసరట్టు పళ్లెంలో పెట్టుకుని గట్టు మీదకు వచ్చేస్తారు. కాదనలేరు. అదయ్యేసరికి మంచు పోతుంది.

3. సామాను తగ్గించండి

కాగితం 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల మందం) కాటన్. పూర్తి షీటు (56×76 సెంటీమీటర్లు) ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 19×28 వస్తుంది. రోజుకు నాలుగు ముక్కలు సరిపోతాయి. జిప్ కవర్లో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఆ గాలిలో తేమకు కాగితం ఒక్క రాత్రిలో మెత్తబడుతుంది. అంటించే టేపు కూడా తేమకు ఊడిపోతుంది, కాబట్టి క్లిప్పులే నయం.

రంగులు ఏడు: లెమన్ ఎల్లో, గాంబోజ్ (ముదురు పసుపు), ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, ఎలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామెరీన్, థాలో బ్లూ. ఆకుపచ్చ ట్యూబు ఇంట్లో వదిలేయండి. ఎందుకో కింద చెబుతాను.

గొడుగు నల్లదో బూడిదరంగుదో తీసుకోండి. ఎర్ర గొడుగు కింద కూర్చుంటే కాగితమంతా ఎర్రబారి మీ కళ్లను మోసం చేస్తుంది. మడత స్టూలు కాళ్ల కింద పెట్టడానికి ఒక చెక్క ముక్క ఉండాలి, లేకపోతే గట్టు మెత్తదనానికి ఒక కాలు దిగబడి కూర్చున్నపళాన కాలువవైపు ఒరుగుతారు. దోమల క్రీము సాయంత్రానికి.

4. మొదటి రోజు: చూపు సరిచేసుకోవడం

రాజమండ్రిలో దిగగానే డెల్టాలోకి పరిగెత్తకండి. దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో ఒక గంట గడపండి. తెరిచే రోజులు, వేళలు ముందు కనుక్కుని వెళ్లండి. 1897లో పుట్టి, అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకున్నారు రామారావు. 28 నిండకుండానే 1925లో పోయారు. అందరూ 'పుష్పాలంకరణ', 'సిద్ధార్థ రాగోదయం' ముందే ఆగుతారు. మీరు వాటితోపాటు ఆయన ఆకుపచ్చను ఎంత పొదుపుగా వాడారో చూడండి. చుట్టూ ఇంత పచ్చదనం పెట్టుకుని ఆయన ఎంచుకున్న రంగులేమిటన్న ప్రశ్నతో బయటికి రండి, చాలు.

అక్కడినుంచి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు మీరు దాటేది తర్వాత కట్టిన బ్యారేజీ. మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఆయన తవ్వించిన కాలువలు చేలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. అందుకే వాలు తక్కువ, మధ్యమధ్య లాకులు. నీళ్లు నిలబడినట్టే ఉంటాయి కాబట్టి నీడలు అద్దంలో పడ్డట్టు పడతాయి. ఆత్రేయపురం వైపు పోతే లొల్ల లాకులు వస్తాయి. సినిమాల్లో చూసే ఉంటారు. మొదటి బొమ్మ అక్కడే వేయండి. ఈ దారిలో శనివారం మాత్రం వెళ్లకండి. వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే కార్లూ ఆటోలతో ఆ ఇరుకు రోడ్డు కదలదు.

గట్టు రోడ్ల మీద కారు గురించి రెండు ముక్కలు. చాలాచోట్ల ఒక బండికే దారి, కాలువ వైపు రక్షణ గోడ ఉండదు. మంచులో తోలకండి. అందుకే బస నుంచి పొద్దుటి చోటు నడిచి వెళ్లేంత దగ్గరుండాలన్నది. కారు ఆపేటప్పుడు అక్కడినుంచి చేలోకి దిగే బాట ఉందేమో చూసుకోండి. నేను ఒకసారి సరిగ్గా ట్రాక్టరు దిగే వాలు మీద ఆపి, 50 అడుగుల దూరంలో ఆకాశానికి వాష్ (పలచటి నీటిరంగు పూత) వేస్తున్నాను. తడి ఆరేలోపు కదలకూడదు, అక్కడేమో హారను. ఆ ఆకాశంలో ఇప్పటికీ ఒక మరక ఉంది. కోతల రోజుల్లో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. వాటి మీదనుంచి పోకుండా ఆగి, చోటు చూసుకుని పక్కనుంచి పోవాలి.

5. రెండో రోజు: ఆకుపచ్చతో కుస్తీ

పొద్దున మొదటి గంట బొమ్మ వేయకండి. ఒక కాగితం మీద 12 గళ్లు గీసి, కనిపించే 12 పచ్చలను కలపండి. ఇది బడి పిల్లల పనిలా ఉంటుంది. అయినా చేయండి. కోనసీమలో బొమ్మ చెడేది ఇక్కడే. ట్యూబులోంచి తీసిన ఒకే ఆకుపచ్చను కొబ్బరికీ అరటికీ వరికీ పూసేస్తాం, కాగితం మొత్తం ప్లాస్టిక్ తివాచీలా తయారవుతుంది.

నారుమడి లెమన్ ఎల్లోలో థాలో బ్లూ చిటికెడు. మనం నమ్మలేనంత పసుపు అది. అరటాకు ఎండకు ఎదురుగా ఉంటే వెలుగు లోపల్నించి వస్తుంది. గాంబోజ్ పలచగా వేసి, ఆరాక నడిమి ఈనె పక్కన మాత్రం నీలం తగిలించండి. కొబ్బరి దగ్గర కాసేపు ఆగాలి. ఒక మట్టను ఐదు నిమిషాలు చూడండి. ఎండ పడే పైభాగం పచ్చగా ఉండదు. ఆ నున్నటి ఆకుల మీద ఆకాశం మెరిసి, తెల్లటి నీలి బూడిదరంగులో ఉంటుంది. అదే మట్ట అవతలి సగం, వెలుతురు వెనకనుంచి వచ్చేచోట, పసుపుపచ్చ. కిందికి వేలాడే పండుమట్ట ఓకరు. అంటే ఒక్క చెట్టులో 'కొబ్బరి ఆకుపచ్చ' అనదగ్గది నీడలో ఉన్న కొద్ది భాగమే. దానికి అల్ట్రామెరీన్, గాంబోజ్ కలిపితే సరిపోతుంది, ముదురు కావాలంటే క్రిమ్సన్ చుక్క. మానుకు అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపిన బూడిదరంగు. మానును స్తంభంలా నిటారుగా గీయకండి. కాలువ గట్టు మీది చెట్లు నీళ్ల మీద వెలుతురు కోసం వంగి ఉంటాయి, మొదలు దగ్గర లావెక్కి ఉంటాయి.

మంచు రోజున వాష్ ఆరడానికి 20 నిమిషాలు కూడా పడుతుంది. తొందరపడి రెండో పూత వేస్తే బురదే. మూడు కాగితాలు మూడు అట్టల మీద పెట్టుకుని, ఒకటి ఆరేలోపు ఇంకోటి వేయండి. మరీ అవసరమైతే కారు అద్దం మంచు తుడిచే వేడిగాలి పెట్టి, అట్టను డాష్‌బోర్డు మీద ఉంచండి. రెండు నిమిషాల్లో ఆరుతుంది.

మధ్యాహ్నం తర్వాత పి.గన్నవరం వెళ్లండి. అక్కడ కాలువ వైనతేయ నదిని పైనుంచి దాటుతుంది. 1850ల నాటి పాత అక్విడెక్టు కమానులు, పక్కనే డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్తది. కాటన్ నాటి ఇంజనీరింగుకు ఆనుకుని, ఏ వేళకొచ్చినా అన్నం పెట్టిన ఇల్లాలి పేరు. సాయంత్రం ఎండ కమానుల కిందకు పడేవేళ పచ్చదనంతో పనిలేని బొమ్మ దొరుకుతుంది, కంటికి విశ్రాంతి.

6. మూడో రోజు: పూతరేకు తీసే చేతులు

ఆత్రేయపురంలో పూతరేకులు కొనడం వేరు, రేకు తీయడం చూడటం వేరు. కొట్లో కాదు, ఇళ్లల్లో చూడాలి. మీ బస ఇంటివాళ్ల ద్వారా వెళ్తే మంచిది. ముందు అడగండి, ఫోను పైకెత్తకండి, వచ్చేటప్పుడు వాళ్ల దగ్గరే కొనండి. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు జీఐ (ఆ ఊరి సరుకన్న భౌగోళిక) గుర్తింపు వచ్చింది, చూడ్డానికి వచ్చేవాళ్లూ పెరిగారు. వాళ్లకది పని వేళ.

బోర్లించిన గుండ్రటి కుండ, కింద ఎండు కొబ్బరాకు మంట. పాలలా పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, రెండు చేతులతో పరిచిపట్టి కుండ మీదుగా ఒక్క లాగు. చుయ్‌మని చిన్న చప్పుడు. మరుక్షణం కుండ మీద తెల్లటి పొర లేస్తుంది. అంచు పట్టి తీసి పక్కన వేసి మళ్లీ గుడ్డ ముంచుతారు. మొదటి పది నిమిషాలు గీయకుండా చూడండి. మూడు భంగిమలు తిరిగి తిరిగి వస్తాయి: ముంచడం, లాగడం, ఎత్తడం. కాగితం మీద మూడు చోట్ల మూడు బొమ్మలు మొదలుపెట్టి, ఆమె ఏ భంగిమలోకొస్తే ఆ బొమ్మలో నాలుగు గీతలు కలుపుతూ పోండి. అరగంటకు మూడూ పూర్తవుతాయి. ఆమెను ఆపమని అడగాల్సిన పనిలేదు. ఇక రేకు రంగు సంగతి. తెల్లరంగు పూయకండి. కాగితం తెలుపునే వదిలి, వెనకున్న మసిగోడను ముదురుగా వేస్తే రేకు దానంతటదే పైకి తేలుతుంది.

7. చుట్టూ చేరే జనం

గట్టు మీద కూర్చున్న పది నిమిషాలకు పిల్లలు, ఇరవై నిమిషాలకు పెద్దాయన. "ఏ ఊరండి? దీనికెంతిస్తారండి?" అని అడుగుతారు. దాచకుండా చెప్పండి. పిల్లలకు విడి కాగితాలు, రెండు పెన్సిళ్లు ఇస్తే మీ భుజం మీదనుంచి దిగుతారు. ఊడ్పుల్లో ఉన్న ఆడవాళ్లను వేసేటప్పుడు ముందు గట్టు మీదున్న మేస్త్రినో, వాళ్లలో పెద్దావిడనో పలకరించి మొదలుపెట్టండి. ఒకావిడ నా బొమ్మ చూసి, "నా నడుం ఇంత వంగిందా బాబూ?" అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ నడుం గీత మళ్లీ చూసుకున్నాను. సరిగ్గానే ఉంది.

8. నాలుగో రోజు: పంటు

ముక్తేశ్వరం రేవు నుంచి కోటిపల్లికి గౌతమి మీద పంటు నడుస్తుంది. కారు కూడా ఎక్కించుకుంటుంది. పొద్దున వెళ్లి, మొదట వచ్చిన పంటు ఎక్కకుండా వదిలేయండి. అదే కిటుకు. రేవులో సైకిళ్లు, పాల డబ్బాలు, కోటిపల్లి స్నానానికి వెళ్లేవాళ్లు, అందరూ ఓ చోట కదలకుండా నిలబడి ఎదురుచూస్తారు. రోజు మొత్తంలో మోడళ్లు ఇంత ఓపికగా ఎక్కడా దొరకరు. పంటు అవతల గట్టెక్కి చిన్నదయ్యేదాకా గీయండి, తర్వాతదానికి ఎక్కండి. నీటి మట్టాన్ని బట్టి రాకపోకలు మారుతుంటాయి కాబట్టి ముందురోజే ఊళ్లో కనుక్కోండి.

9. తిరుగు ప్రయాణం

బొమ్మల మధ్య వార్తాపత్రిక పెట్టకండి, సిరా అంటుకుంటుంది. ట్రేసింగ్ కాగితం పెట్టి, రెండు అట్టల మధ్య కట్టి, వెనక సీటు మీద బల్లపరుపుగా ఉంచండి. ఇంటికి రాగానే ఆ రాత్రే విప్పి గాలికి పరవండి. తేమతో మూసిపెడితే వారంలో బూజు చుక్కలు వస్తాయి.

బయల్దేరేముందు ఇంటాయన మీరు వద్దన్నా వినకుండా డిక్కీలో ఒక బొండాల గెల, ఒక అరటి గెల పెట్టిస్తారు. దారిలో బ్రేకు వేసినప్పుడల్లా అవి ముందుకు దొర్లుతాయి, అరటి గెలలోంచి చీమలు దిగుతాయి. డిక్కీ మొత్తం వాటికే వదిలేయండి.